మళ్లీ మహమ్మారి వస్తే మొదటి టీకాలు ఎవరికి? వయసు చూసి ఇవ్వాలా, పేట చూసి ఇవ్వాలా?

బుడమేరు గట్టు, విజయవాడ:

రేపు ఇంకో మహమ్మారి వచ్చిందనుకోండి. టీకా తయారైంది. కానీ విజయవాడ, గుంటూరు జనానికి కావలసినదాంట్లో పదో వంతే మొదటి విడతలో గన్నవరంలోని రాష్ట్ర టీకాల స్టోరుకు చేరింది. ఆ పదో వంతు ఎవరికి వేయాలి?

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. వయసు ఒక్కటే చూసి పంచితే అన్యాయం జరుగుతుంది. వచ్చిన ప్రతి విడతలోనూ కొంత భాగాన్ని పేదల పేటలకు, కొండ ప్రాంతాలకు, రోజుకూలీలు పనిచేసే చోట్లకు ముందుగానే పక్కన పెట్టాలి. మిగిలింది వయసు ప్రకారం ఇచ్చుకోవచ్చు.

2021లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలుపెట్టారు. మన రాష్ట్రంలో మొదటి టీకా విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. పెద్ద డాక్టర్ల కంటే ముందు వార్డు ఊడ్చే మనిషి చేతికి సూది పడింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఫిబ్రవరి 2 నుంచి పోలీసులు, మునిసిపల్ సిబ్బంది. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లు, 45 దాటి జబ్బులున్నవాళ్లు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరూ. ఇంతవరకు వరుస బాగానే ఉంది.

మే 1న 18 దాటినవాళ్లందరికీ అన్నారు. అక్కడ దెబ్బతిన్నాం. తయారైన టీకాల్లో సగం కేంద్రానికి, మిగతా సగం రాష్ట్రాలూ ప్రైవేటు ఆసుపత్రులూ పోటీపడి కొనుక్కోవాలి. మన రాష్ట్రం కోటి డోసులకు గ్లోబల్ టెండర్ పిలిస్తే ఒక్క కంపెనీ కూడా రాలేదు. 45 లోపువాళ్లు ఫోన్లో కోవిన్ (టీకా బుకింగ్ పోర్టల్) తెరిచి స్లాట్ పట్టుకోవాలి. డబ్బులుంటే ప్రైవేటులో దొరికేది, లేకపోతే ఎదురుచూడాలి. చివరికి సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో ఈ విధానాన్ని గట్టిగా ప్రశ్నించింది. ఫోన్లు, ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతేమిటని అడిగింది. జూన్ 21 నుంచి 75 శాతం టీకాలు కేంద్రమే కొని, 18 దాటినవారందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలైంది.

అది అయిపోయిన కథే కదా అనకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఏం చూశాం? నీళ్ల ప్యాకెట్లు, భోజనం మెయిన్ రోడ్డు దాకా వచ్చాయి. లోపలి సందుల్లో మేడ మీద ఉన్నవాళ్లకు చేరడానికి ఎంతో ఆలస్యమైంది. వస్తువు ఊళ్లోకి రావడం వేరు, అవసరమున్న మనిషి చేతికి అందడం వేరు. టీకా విషయంలోనూ అదే జరుగుతుందని నా భయం. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

గుంటూరు వైద్యుడు:

నేను సామాజిక వైద్యంలో పనిచేస్తున్నాను. మీ బాధ అర్థమవుతోంది కానీ మీరు చెప్పిన పద్ధతితో ఒప్పుకోలేను.

టీకా తక్కువగా ఉన్నప్పుడు ముందుగా నిర్ణయించుకోవలసింది ఒకటే. మనం చావులు తగ్గించాలనుకుంటున్నామా, వ్యాప్తి తగ్గించాలనుకుంటున్నామా? కోవిడ్‌లో చనిపోయే ప్రమాదం వయసుతో పాటు విపరీతంగా పెరిగింది. పాతికేళ్ల కుర్రాడికీ డెబ్భై ఏళ్ల పెద్దాయనకీ ఉన్న తేడా రెట్టింపో మూడు రెట్లో కాదు, వందల రెట్లలో ఉంది. అలాంటి జబ్బులో ఒక్క డోసుతో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టాలంటే పెద్దవాళ్లకు ముందు వేయడం తప్ప వేరే దారి లేదు. బ్రిటన్ చేసింది అదే. తొమ్మిది వర్గాలుగా విడదీసి, వృద్ధాశ్రమాలతో మొదలుపెట్టి 50 ఏళ్ల దాకా దిగారు. టీకాతో ఆపగలిగిన మరణాల్లో దాదాపు 99 శాతం ఆ వర్గాల్లోనే ఉన్నాయని వాళ్ల నిపుణుల కమిటీ లెక్క. ఆ తర్వాత టీచర్లకు, పోలీసులకు ముందు ఇవ్వమని ఒత్తిడి వచ్చినా, వృత్తుల జాబితాలు పెడితే ఆలస్యమవుతుందని వయసుకే కట్టుబడ్డారు.

ఇండోనేషియా వేరే దారిలో వెళ్లింది. పనిచేసే వయసువాళ్లకు, 18 నుంచి 59 మధ్యవాళ్లకు ముందు ఇచ్చింది. మొదట్లో వాళ్ల దగ్గరున్న టీకాను పెద్ద వయసువారిలో సరిగా పరీక్షించలేదన్నది ఒక కారణం, తిరిగేవాళ్లకు వేస్తే వ్యాప్తి ఆగుతుందన్న ఆశ ఇంకో కారణం. కోవిడ్ టీకాలు ప్రాణాపాయాన్ని బాగా తగ్గించాయి కానీ, వ్యాప్తిని అంతగా ఆపలేకపోయాయి. అంటే ఆ లెక్క ప్రకారం యువకులకు ముందు వేసిన డోసు పెద్దవాళ్లను కాపాడదు.

ఇంకో మాట. వయసు అబద్ధం చెప్పడం కష్టం. పేదరికానికీ, వృత్తికీ సర్టిఫికెట్లు పుట్టించడం మన దగ్గర ఎంతసేపు? ఛత్తీస్‌గఢ్‌లో 2021 మే నెలలో అంత్యోదయ కార్డు (నిరుపేదల రేషన్ కార్డు) ఉన్నవాళ్లకు ముందు అన్నారు. హైకోర్టు అభ్యంతరం చెప్పింది, కార్యక్రమం ఆగి మళ్లీ మొదలయ్యేలోపు విలువైన రోజులు పోయాయి. మన రాష్ట్రంలో ఎక్కువ కుటుంబాలకు బియ్యం కార్డు ఉంది. దాన్ని పట్టుకుని ఎవరిని వేరు చేస్తారు?

యార్డు గుమాస్తా, గుంటూరు:

డాక్టరు గారూ, వయసు అబద్ధం చెప్పడం కష్టమన్నారు. నిజం చెప్పడమే మా దగ్గర కష్టం. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కార్మికుల ఆధార్ కార్డులు చూడండి. సగానికి సగం మందికి పుట్టినరోజు జనవరి 1. బడి మొహం చూడని మనిషిని అడిగితే ఉజ్జాయింపుగా ఒక ఏడాది చెప్పాడు, ఆధార్ వాళ్లు రాసుకున్నారు. అరవై దాటిన మనిషికి కార్డులో 52 ఉంటుంది. ఏ పింఛనుకు వెళ్లినా ఇదే గొడవ. మీ వరుసలో వయసే కొలత అయితే ఈ ముసలాళ్లందరూ ఎనిమిదేళ్లు వెనక్కి పోయినట్టే.

అదొక్కటే కాదు. ఇరవై ఏళ్ల నుంచి మిరపఘాటు పీల్చి, రోజంతా బరువులు మోసిన మనిషి ఊపిరితిత్తులు యాభైకే ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? అరవై ఏళ్ల ఉద్యోగి, యాభై ఏళ్ల ముఠా కూలీ పక్కపక్కన నిలబడితే ఎవరు పెద్దవాళ్లలా కనిపిస్తారు?

జబ్బులున్నవాళ్లకు ముందు అన్నారు కదా, దాని సంగతి కూడా చెబుతాను. 2021 మార్చిలో 20 రకాల జబ్బుల జాబితా ఇచ్చారు. షుగర్ ఒక్కటే ఉంటే చాలదు. పదేళ్లు దాటిన షుగరో, ఇబ్బందులు తెచ్చిన షుగరో అయి ఉండాలి, దానితో పాటు బీపీకి మందులు వాడుతుండాలి. రిజిస్టరైన డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మావాళ్లు చూపించుకునేది పేటలో ఉన్న, డాక్టర్ చదువు లేని ఆర్‌ఎంపీకి, అతని సంతకం చెల్లదు. అసలు షుగర్ ఉందని తెలియనివాళ్లే ఎక్కువ. కళ్లు తిరిగి పడిపోయినప్పుడు తెలుస్తుంది. జబ్బు ఉండటం కాదు, జబ్బు ఉన్నట్టు కాగితం ఉండటం అర్హత అయింది. రెండేళ్లకోసారి మాస్టర్ చెకప్ చేయించుకునేవాళ్ల దగ్గర ఆ కాగితం ఉంటుంది.

ఆటోనగర్ లేత్, విజయవాడ:

నాది ఒక్కటే మాట. 2021లో నాకు 31 ఏళ్లు. మే నెలలో సర్కారు దగ్గర మా వయసుకు టీకా లేదు, 45 దాటినవాళ్లకు అయ్యాకే అన్నారు. ప్రైవేటులో ఉంది. తర్వాత కేంద్రం గరిష్ఠ ధరలు ప్రకటించింది కూడా: కోవిషీల్డ్ 780, స్పుత్నిక్ 1145, కోవాగ్జిన్ 1410. ఇద్దరికి రెండేసి డోసులంటే నాకు దాదాపు వారం రోజుల సంపాదన. కొనలేదు. షెడ్డులో పని మాత్రం ఆపలేదు, ఆపితే తినేదేమిటి? నా వయసుకి ప్రమాదం తక్కువని డాక్టరు గారు అంటున్నారు, నిజమే. ఇంట్లో అమ్మానాన్న ఉన్నది ఒకటే గదిలో. వాళ్ల ప్రమాదం నా పనిని బట్టి ఉంది. ఇంటి నుంచి పనిచేసుకునే కొడుకున్న తల్లికీ, నాలాంటి కొడుకున్న తల్లికీ వయసు ఒకటే కావచ్చు, ప్రమాదం ఒకటి కాదు.

గుంటూరు వైద్యుడు:

ఆటోనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పిన దాంట్లోనే నా జవాబు ఉంది. మీ ఇంట్లో ఒక్క డోసే ఉంటే నువ్వు వేసుకుంటావా, మీ అమ్మకు వేయిస్తావా? నువ్వు వేసుకున్నాక కూడా జబ్బు మోసుకొచ్చే అవకాశం ఉంది. అమ్మకు వేస్తే అమ్మ బతుకుతుంది. నేను వయసు అంటున్నది దీని కోసమే. పేదల ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లకు ముందు అందాలనే నేనూ అంటున్నాను.

గుమాస్తా గారు చెప్పిన జబ్బుల జాబితా మీద మాత్రం నాకు వాదన లేదు. ఆ పద్ధతి పరీక్షలు చేయించుకోగలిగినవారికే మేలు చేసింది. అందుకే నేను జబ్బులు కూడా వద్దు, వయసు ఒక్కటే చాలంటున్నాను. ఆధార్‌లో వయసు తప్పుంటే కేంద్రం దగ్గర కూర్చున్న డాక్టర్‌కు చూసి నిర్ణయించే అధికారం ఇవ్వండి. పదేళ్లు తేడా ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు.

కొండ మీద ఇల్లు, విజయవాడ:

నమస్తే అండి. మాది విద్యాధరపురం వైపు కొండ ప్రాంతం. వయసా పేటా అని మీరు వాదిస్తున్నారు కానీ మా మామ్మ విషయంలో ఆ రెండూ పనిచేయలేదు. వయసు ప్రకారం మార్చి నెలలోనే ఆమె వంతు వచ్చింది. మెట్లు దిగలేదు. మా ఇంటి దాకా ఆటో రాదు, బండి రాదు. గ్యాస్ బండ కూడా మనుషులు మోసుకురావాల్సిందే. కింద కేంద్రంలో టోకెన్ కోసం తెల్లవారుజామునే నిలబడాలి, టోకెన్ దొరికినా ఎండలో గంటలు కూర్చోవాలి. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఒకసారి దింపాం. ఆ రోజు స్టాకు అయిపోయిందన్నారు. మళ్లీ దిగనని మామ్మ ఒట్టు పెట్టుకుంది.

ఇళ్లకు దగ్గర్లో కేంద్రాలు పెట్టి ముసలివాళ్లకు, వికలాంగులకు వేయవచ్చని కేంద్రం మే నెలాఖరులో చెప్పింది. మంచం మీద ఉన్నవాళ్లకు ఇంటికే వెళ్లి వేయవచ్చని సెప్టెంబరు చివర్లో చెప్పింది. అంటే అందరికన్నా ముందు ఉండాల్సిన మనిషికి, టీకా మొదలైన ఎనిమిది నెలలకు అనుమతి వచ్చింది. అప్పటికి రెండో వేవ్ వచ్చి వెళ్లిపోయింది.

డాక్టరు గారూ, మీరు బ్రిటన్ గురించి చెప్పారు. అక్కడ ప్రతి మనిషీ ఏదో ఒక డాక్టర్ దగ్గర నమోదై ఉంటాడట కదా. వంతు రాగానే ఆ డాక్టర్ దగ్గర నుంచే కబురు వస్తుంది. వయసు వరుస అక్కడ అందుకే నడిచింది. మాకు కబురు పెట్టే డాక్టర్ ఎవరు? ఫోన్ ఉన్న మనవరాలు లేకపోతే మామ్మ వంతు వచ్చిన సంగతి ఎవరికి తెలిసేది?

ఏఎన్ఎం, కృష్ణా తీరం:

పాపా, మీ మామ్మలాంటి వాళ్లను నేను చాలామందిని చూశాను. ఊరు పేరు, కేంద్రం పేరు రాయను కానీ లోపల ఉండి సూది పట్టుకున్నదాన్ని కాబట్టి కొన్ని విషయాలు చెప్పాలి.

కోవిషీల్డ్ వయల్ (టీకా సీసా) ఒకటి తెరిస్తే పది మందికి వస్తుంది. తెరిచిన నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారేయాలి. వేశాక ప్రతి మనిషినీ అరగంట కూర్చోబెట్టి చూడాలి. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి వేయమంటే, మెట్లెక్కి ఒకరికి వేసి అరగంట ఆగి ఇంకో ఇంటికి వెళితే నాలుగు గంటల్లో పది మందిని పూర్తి చేయలేం. వృథా చేస్తే పైనుంచి చీవాట్లు. అందుకని పైవాళ్లు ఇంటింటికీ అనడానికి జంకారు, కాదనను. కానీ కొండ మీద రామాలయం అరుగో, అంగన్‌వాడీ గదో, చర్చి వరండానో తీసుకుని, ముందురోజే ఆశా కార్యకర్త పది మంది పెద్దవాళ్ల పేర్లు రాసి ఉంచితే ఒక వయల్ గంటన్నరలో అయిపోతుంది. మంచం మీద ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే వాళ్లింటికి చివర్లో వెళ్లి రావచ్చు. ఇది కొత్త విద్యేమీ కాదు. బుధవారం, శనివారం పిల్లల టీకాలు ఎప్పటినుంచో అలాగే వేస్తున్నాం. బాక్సులో ఐస్ ప్యాక్‌లు పెట్టుకుని మేం మెట్లెక్కుతాం. ఎక్కమని చెప్పేవాళ్లు కావాలి, అంతే.

ఇంకో విషయం ఎవరూ మాట్లాడరు. సాయంత్రం నాలుగు దాటాక వయల్‌లో మూడో నాలుగో డోసులు మిగులుతాయి. అవి ఎవరికి? రాసిపెట్టిన జాబితా ఉండదు. అప్పుడు ఫోన్లు వస్తాయి. ఫలానా వారి తమ్ముడు వస్తున్నాడు, ఫలానా కౌన్సిలర్ పంపించారు అని. పది నిమిషాల్లో కారులో దిగుతారు. పారేయడం కంటే నయం కదా అని వేసేవాళ్లం. కానీ ఉదయం టోకెన్ దొరక్క వెనక్కి వెళ్లిన పనిమనిషికి ఫోన్ చేసి పిలిచేవాళ్లు లేరు. వరుస ఎంత న్యాయంగా రాసినా ఆ సాయంత్రం డోసులు పైవాళ్లకే పోయాయి. ఒక్క మార్పు చేయండి. ఆ రోజు టోకెన్ దొరకనివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని, మిగిలినవి ఆ వరుసలోనే పిలిచి వేయాలని రూలు పెట్టండి. మేం కాదనగలిగే ధైర్యం మాకు ఆ రూలు ఇస్తుంది.

బ్రాడీపేట, గుంటూరు:

ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు చెబుతాను. మా అబ్బాయి 2021లో అమెరికాలో ఎమ్మెస్ సీటు తెచ్చుకున్నాడు. ఆగస్టులో చేరాలి. టీకా పూర్తయితే తప్ప రానివ్వమని యూనివర్సిటీ చెప్పింది. కోవిషీల్డ్ రెండో డోసుకు 84 రోజులు ఆగమన్నారు. విదేశాలకు వెళ్లే విద్యార్థులకు, ఉద్యోగులకు 28 రోజులకే వేయవచ్చని జూన్‌లో కేంద్రం చెప్పింది కాబట్టి వాడి చదువు నిలిచింది. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాం. దాన్ని కూడా డబ్బున్నవాళ్ల పెత్తనం అంటారా? ప్రాణం ఒక్కటే కాదు, బతుకుతెరువు కూడా చూడాలి కదా. పిల్లల చదువు చెడిపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

బుడమేరు గట్టు, విజయవాడ:

బాబాయ్ గారూ, పొలం తాకట్టు పెట్టి చదివించిన మిమ్మల్ని పెత్తందారు అని ఎవరం అనం. మీ అబ్బాయికి దొరికినందుకు సంతోషమే. నేను అడిగేది వేరు. అదే జూన్‌లో, బతుకుతెరువు కోసం రోజూ రైలు పెట్టెల్లో, మార్కెట్లో, షెడ్డులో నలుగురి మధ్య పనిచేయక తప్పని వాళ్లకు అలాంటి ప్రత్యేక ఉత్తర్వు ఎందుకు తొందరగా రాలేదు? విమానం టికెట్ చూపిస్తే అవసరం వెంటనే అర్థమైంది. కూలికి వెళ్లకపోతే పస్తు అన్న అవసరాన్ని చూపించడానికి కాగితం లేదు. బతుకుతెరువు లెక్కలోకి వస్తుందని మీరే అన్నారు. అయితే అందరి బతుకుతెరువూ రావాలి.

మన రాష్ట్రమే ఒక మంచి పని చేసింది, అది కూడా చెప్పాలి. మూడో వేవ్ పిల్లల మీద వస్తుందన్న భయంలో, అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు వయసుతో పని లేకుండా ముందు వేశారు. జూన్ 20న ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అంగన్‌వాడీల్లో, సచివాలయాల్లో తల్లుల పేర్లు అప్పటికే ఉన్నాయి కాబట్టి వెతుక్కోకుండా పిలవగలిగారు. వయసు కాకుండా ఇంకో కొలత పెడితే గందరగోళం అవుతుందని డాక్టరు గారు అన్నారు. ఇక్కడ అవ్వలేదు. జాబితా ముందే ఉండటమే దానికి కారణం.

పై దేశాలతో మనం ఏం మాట్లాడామో కూడా చూడండి. 2020 అక్టోబరులో ఇండియా, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. మహమ్మారి కాలంలో టీకాల మీద పేటెంట్లు పక్కన పెట్టండి, పేద దేశాలు తయారు చేసుకోనివ్వండి అని అడిగాయి. ధనిక దేశాలు జనాభాకు మించి డోసులు ముందే కొనిపెట్టుకుంటే అన్యాయమన్నాం. నిజంగానే అన్యాయం. దేశాల మధ్య మనం అడిగిన న్యాయం మన ఊళ్లలో కూడా, గుంటూరులో డబ్బున్న లక్ష్మీపురానికీ పేదల ఆనందపేటకూ మధ్య, విజయవాడలో మొగల్రాజపురం కింది వీధులకూ పైన కొండకూ మధ్య కూడా వర్తించాలి.

గుంటూరు వైద్యుడు:

పేటలకు కొంత పక్కన పెట్టడమన్నది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 2021 మార్చిలో, వచ్చిన డోసుల్లో 40 శాతం అన్నిటికన్నా వెనకబడిన నాలుగో వంతు ప్రాంతాలకు కేటాయించింది. అయితే రెండు సంగతులు గమనించండి. అక్కడ ఆ పేటల్లో కూడా వేసింది అప్పటికి అర్హత ఉన్న వర్గాలకే, వయసును వదిలేయలేదు. అంతకుముందు నెలలో పేద ప్రాంతాల కోసం ఇచ్చిన ప్రత్యేక స్లాట్ కోడ్‌లు బయటికి పొక్కి, ఇంటి నుంచి పనిచేసుకునే సంపన్నులు వాటితో బుక్ చేసుకున్నారు. పేటకు పంపినంత మాత్రాన పేటవాళ్లకు అందుతుందని అనుకోకూడదు.

నా మాట ఇది. పేటలకు వేరుగా పక్కన పెట్టండి, ఒప్పుకుంటాను. పేటలోపల మాత్రం వరుస వయసుదే ఉండాలి, పెద్దవాళ్లు అయ్యాకే మిగతావారు. పక్కన పెట్టిన డోసులకు గడువు ఉండాలి. వారం రోజుల్లో అక్కడ వాడకపోతే వాటిని మిగతా నగరానికి తిప్పాలి. డోసు ఫ్రిజ్‌లో కూర్చుంటే ఎవరినీ కాపాడదు.

యార్డు గుమాస్తా, గుంటూరు:

వారం గడువు మావాళ్లకు ఉరి లాంటిది డాక్టరు గారూ. టీకా వేసుకుంటే మర్నాడు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయని అందరికీ తెలుసు. మిర్చి సీజన్‌లో ఒక్క రోజు పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. టీకా ఉచితం, కానీ రెండు రోజుల కూలి దాని ధర. కాబట్టి ముఠావాళ్లు సీజన్ ఒడ్డెక్కాక చూద్దాంలే అంటారు. మీరు ఆ వారం అయ్యాక, వాళ్లు రావట్లేదు కాబట్టి వాళ్లకు అక్కర్లేదని రాసేసుకుని డోసులు లక్ష్మీపురం పంపిస్తారు. యార్డులో ప్రతి సరుకు మీదా మార్కెట్ సెస్సు వసూలవుతుంది. టీకా వేసుకున్న కూలీకి రెండు రోజుల కూలి అందులోంచి ఇవ్వమనండి. శనివారం సాయంత్రం యార్డులోనే వేయమనండి, ఆదివారం పడుకుంటారు. అప్పుడు మీ గడువు పెట్టండి.

ఇంకా కష్టమైనవాళ్లు మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు. కోల్డ్ స్టోరేజీల దగ్గర కిలోల లెక్కన చేస్తారు. ఈ వారం ఒక చోట, పైవారం ఇంకో చోట. ముఠాకైనా మేస్త్రి దగ్గర పేర్లుంటాయి, వీళ్లకు అదీ లేదు. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ పెట్టారు కదా. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లలో అందులో పేరు ఉన్నవాళ్లు ఎవరో కనుక్కోమని స్టోరేజీ యజమానులకు చెబితే ఈ ఏడాదే పని మొదలవుతుంది. మహమ్మారి వచ్చాక జాబితా రాయడం మొదలుపెడితే అది ఎప్పటికీ పూర్తికాదు.

ఆటోనగర్ లేత్, విజయవాడ:

జాబితాల్లో ఇంకొకరిని మరిచిపోతున్నారు. ఇబ్రహీంపట్నం వైపు ఇటుకబట్టీల్లో ఒడిశావాళ్లు, మా షెడ్లలో బిహార్ కుర్రాళ్లు. అప్పట్లో కోవిన్‌లో దేశంలో ఎక్కడైనా వేసుకునే వీలుండేది, అడ్రసు అడ్డం రాలేదు. కానీ మన దగ్గర జనాన్ని పిలిచింది వాలంటీర్లు, వాళ్ల దగ్గర ఉన్నది తమ 50 ఇళ్ల లెక్క. షెడ్డులో పడుకునేవాడు ఏ ఇంటి లెక్కలోకీ రాడు. ఇప్పుడు వాలంటీర్లు కూడా లేరు. ఈసారి ఎవరు పిలుస్తారు?

ఏఎన్ఎం, కృష్ణా తీరం:

డాక్టరు గారూ, వారం గడువు గురించి నేనూ చెప్పాలి. మొదటి వారం పేటల్లో జనం తక్కువగానే వస్తారు. వేసుకుంటే చనిపోతారని, పిల్లలు పుట్టరని ఏవేవో వింటారు. రెండో వారం కూడా కొంచెమే. పక్కింటి ఆవిడ వేసుకుని, జ్వరం తగ్గి, మామూలుగా నీళ్లు పట్టుకుంటుంటే చూసి, మూడో వారం నుంచి వస్తారు. నేను తిరిగిన ప్రతి పేటలోనూ ఇదే. మీ గడువు సరిగ్గా వాళ్లకు నమ్మకం కుదిరే ముందు రోజు ముగుస్తుంది. చదువుకున్నవాళ్లు మొదటి రోజే వస్తారు కాబట్టి గడువు ఎప్పుడూ వాళ్లకే కలిసొస్తుంది.

అడ్డదారిన వచ్చేవాళ్ల సంగతి అన్నారు. కోడ్ ఎవరైనా వాడతారు. మా ఆశా కార్యకర్తకు పేటలో ప్రతి మొహం తెలుసు, ఏ ఇంట్లో ముసలమ్మ ఉందో, ఎవరు బయటినుంచి వచ్చారో తెలుసు. ఆమె రాసిన పేరుకే వేయండి. షెడ్డుల్లో పడుకునే కుర్రాళ్ల పేర్లు కూడా ఆమెనే రాయమనండి, ఆ పనికి ఆమెకు వేరుగా డబ్బులివ్వండి. ఊరికే చేయించుకోవద్దు.

గుంటూరు వైద్యుడు:

మూడు వారాలంటే మహమ్మారి ఎగసేటప్పుడు చాలా పెద్ద సమయం అమ్మా. ఆ మూడు వారాల్లో వేరే పేటలో, వేసుకోవడానికి సిద్ధంగా ఉన్న డెబ్భై ఏళ్లవాళ్లు చనిపోతారు. వాళ్లలోనూ పేదవాళ్లుంటారు. నేను పది రోజుల దాకా వస్తాను. వాడని డోసులు బయటికి తిప్పేటప్పుడు కూడా ముందు ఇంకో పేద పేటకే తిప్పాలన్న షరతుకు ఒప్పుకుంటాను. అంతకు మించి ఆపడం నాకు సరికాదనిపిస్తుంది.

ఏఎన్ఎం, కృష్ణా తీరం:

పది రోజులైతే, టీకా రావడానికి నెల ముందే మమ్మల్ని పేటల్లోకి పంపండి. స్టాకు వచ్చిన రోజున కాదు. 2021లో టీకా, దాని గురించిన కబురు ఒకే రోజు వచ్చాయి. భయాలు తీర్చే పని నెల ముందు చేస్తే పది రోజులు సరిపోవచ్చు. ముందు పంపకుండా పది రోజులంటే నేను ఒప్పుకోను.

కొండ మీద ఇల్లు, విజయవాడ:

గడువు లెక్కలో మెట్లు దిగలేనివాళ్లను కలపకండి. వాళ్లు రాలేదని కాదు, వాళ్ల దగ్గరకు ఎవరూ వెళ్లలేదని రాసుకోవాలి. మా కొండ మీద అలాంటివాళ్లు ఎవరెవరున్నారో మా వీధి ఆశా అక్కకు తెలుసు. ఆ పేర్లు సచివాలయంలో ఇప్పుడే నమోదు చేయమని మేం ఈ వారం వెళ్లి అడుగుతున్నాం. గుణదల, చిట్టినగర్, క్రీస్తురాజపురం కొండల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర కూడా అడగండి. ఏం జవాబు ఇచ్చారో ఇక్కడ రాయండి.